మన ఒంటి జమాఖర్చు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, బంగాళాఖాతం ఒడ్డున భావనపాడు అనే ఊరుంది. దగ్గరలోనే నౌపడ ఉప్పు మళ్ళు. కాస్త లోపలికి వెళితే టెక్కలి పట్టణం. మీరు ఆ ప్రాంతం వాళ్ళే కావచ్చు, ఎన్నడూ సముద్రం చూడనివాళ్ళూ కావచ్చు. ఏమైనా ఈ నెల మన పాఠం ఆ ఒడ్డునే మొదలుపెడదాం.

ఆ తీరంలో ఏ ముసలి తాతనైనా అడిగి చూడండి. వయసులో ఉన్నప్పుడు ఎలా వేటకు వెళ్ళేవారో చెబుతారు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేని రోజున తెప్ప కదలాలంటే తెడ్డు వెయ్యాల్సిందే. ఒడ్డుకు వచ్చాక తెప్పను ఇసుక మీదికి మొయ్యాలి, వల దులపాలి. ఇంటికి చేరేసరికి ఆకలి దంచేసేది. కంచం నిండా అన్నం, కవళ్ళ పులుసు. మళ్ళీ ఇంకో కంచం. అయినా ఆ తాత ఒంట్లో ఎక్కడా కొవ్వు కనిపించేది కాదు.

తరవాత పడవలకి మోటార్లు వచ్చాయి. మంచిదే. శ్రమ తగ్గింది, ఎక్కువ దూరం పోవచ్చు, తుఫాను హెచ్చరిక వస్తే త్వరగా ఒడ్డు చేరవచ్చు. అయితే ఒక చిన్న మార్పును ఎవరూ అంతగా గమనించలేదు. ఇప్పుడు పడవను నడిపేది డీజిలు. తెడ్డు వేసే పని మోటారుది, దానికి కావలసిన తిండి కూడా మోటారే తింటోంది. కాని పక్కన కూర్చున్న మనిషి పాత అలవాటు ప్రకారం ఆ రెండో కంచం కూడా తింటున్నాడు. ఆ రెండో కంచం ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్న వేటకు వెళ్ళేవారిది మాత్రమే అనుకోకండి. సైకిలు వదిలి మోటారు సైకిలు ఎక్కిన మేష్టారిదీ, రోలు వదిలి గ్రైండరు కొన్న ఇల్లాలిదీ, పొద్దుటి నుంచి రాత్రి దాకా దుకాణంలో కూర్చునే వర్తకుడిదీ ఇదే ప్రశ్న.

మంచుపెట్టెలో గినీపంది

జవాబుకోసం కాస్త వెనక్కి వెళదాం. 1783లో లెవోజియే, లాప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమైన ప్రయోగం గురించి రాశారు. ఒక గినీపందిని పాత్రలో పెట్టి, చుట్టూ మంచు పేర్చారు. జంతువు ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. అది విడిచిన గాలిలో కార్బన్ డయాక్సైడు ఎంత ఉందో కొలిచారు. తరవాత బొగ్గును మండించి, అంతే కార్బన్ డయాక్సైడు వచ్చేటప్పుడు ఎంత మంచు కరుగుతుందో చూశారు. రెండు లెక్కలూ దాదాపు దగ్గరగా వచ్చాయి. అంటే మనం ఊపిరి పీల్చడం కూడా ఒక రకమైన మంటే! పొగా సెగా లేకుండా నెమ్మదిగా మండే మంట. ఆ మంటకి కట్టెలు మనం తినే తిండి.

ఈ వేడిని కొలిచే కొలత కిలోకేలరీ. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడి చెయ్యడానికి కావలసిన శక్తి ఇది. ఒక గ్రాము పిండి పదార్థం నుంచి సుమారు 4 కిలోకేలరీలు వస్తాయి. మాంసకృత్తుల నుంచీ 4. కొవ్వు నుంచి మాత్రం 9. నూనె కొంచెమే కదా అనిపించినా లెక్కలో ఎక్కువ కావడానికి కారణం ఇదే.

మన దేశపు ఆహార పదార్థాలలో ఏది ఎంత శక్తినిస్తుందో కొలిచి పట్టికలు తయారుచేసినది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. ఆ పట్టికలు చూస్తే వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కిలోకేలరీలు, వంద గ్రాముల పంచదారలో సుమారు 400, వంద గ్రాముల నూనెలో 900 ఉంటాయి. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి. ఇప్పుడు వీటితోనే పని.

తెడ్డు ఖర్చు ఎంత?

జమ తెలిసింది. ఇక ఖర్చు. మీరు ఏ పనీ చెయ్యకుండా పడుకున్నా గుండె కొట్టుకోవాలి, మెదడు పనిచెయ్యాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. దీనికి పెద్దవాళ్ళలో కిలో బరువుకి గంటకి సుమారు 1 కిలోకేలరీ ఖర్చవుతుంది. వయసును బట్టి, శరీరాన్ని బట్టి ఇందులో తేడాలుంటాయి. మనం ఉజ్జాయింపుగా 1 అనే అనుకుందాం. చురుగ్గా నడిస్తే ఖర్చు దీనికి మూడున్నర రెట్లు. తెడ్డు బాగా వేస్తే సుమారు 6 రెట్లు. మోటారు పడవలో చుక్కాని పట్టి కూర్చుంటే 2 రెట్లు అనుకుందాం.

అరవై కిలోల మనిషి మూడు గంటలు తెడ్డు వేస్తే:
6 × 60 × 3 = 1,080 కిలోకేలరీలు.
అదే మనిషి మూడు గంటలు చుక్కాని పట్టుకుంటే:
2 × 60 × 3 = 360 కిలోకేలరీలు.
తేడా 720. దీన్ని బియ్యంలోకి మారిస్తే 200 గ్రాములు దాటుతుంది. చూశారా! తాతగారి రెండో కంచం లెక్క తేలింది. ఆ అన్నాన్ని తెడ్డు తినేసేది.

మరి అన్నంలోని శక్తి తెడ్డు వేసే కండలోకి ఎలా చేరుతుంది? ఈ రహస్యం విప్పడంలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. కండలో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లోనూ, ఏటీపీ అనే పదార్థాన్ని 1929లోనూ వారు కండరాల నుంచి వేరుచేసి చూపారు. ఏటీపీని చిల్లర డబ్బుతో పోల్చవచ్చు. తిన్న అన్నం పెద్ద నోటు వంటిది. కండ దాన్ని చిల్లరగా మార్చుకుని క్షణక్షణం ఖర్చు చేస్తుంది. ఖర్చు కాని నోటును శరీరం పారెయ్యదు. కొవ్వుగా మార్చి పెట్టెలో దాస్తుంది. ఆ పెట్టె మన నడుం చుట్టూ ఉంటుంది.

మావయ్య చిట్టా

ఇప్పుడు మీకొక పని. భావనపాడు నుంచి రోజూ టెక్కలి వెళ్ళి దుకాణం నడిపే మావయ్య మీకు ఉన్నారనుకోండి. వయసు నలభై. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 75 కిలోలు. డాక్టరు రక్తం పరీక్షించి, "ఇంకా చక్కెర జబ్బు రాలేదు. కాని గుమ్మం దాకా వచ్చింది. ఒక అయిదు కిలోలు తగ్గండి" అన్నారు. మావయ్య మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి, "నాకు తీరికెక్కడిదిరా? పొద్దున్న ఏడింటికి వెళితే రాత్రి తొమ్మిదికి వస్తాను" అంటున్నారు. ఆయన చిట్టా మీరు రాయాలి.

ముందు ఆయన బరువు నిజంగా ఎక్కువో కాదో చూద్దాం. బరువును కిలోలలోనూ, ఎత్తును మీటర్లలోనూ తీసుకుని, బరువును ఎత్తు వర్గంతో భాగించాలి. బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు కెటలే 1832లో చెప్పిన లెక్క ఇది. 75ని 1.65 × 1.65తో భాగిస్తే సుమారు 27.5 వస్తుంది. మన దేశపు పెద్దవాళ్ళకి ఇది 23 దాటితే బరువు ఎక్కువని, 25 దాటితే ఊబకాయమని డాక్టర్లు లెక్కిస్తారు. కాబట్టి డాక్టరుగారు ఉత్తినే భయపెట్టలేదు.

ఇక చిట్టా.

ఒకటి: మావయ్య రోజుకి నాలుగు టీలు తాగుతారు. ఒక్కొక్క దానిలో రెండు చెంచాల పంచదార. చెంచాకి 5 గ్రాముల చొప్పున రోజుకి 40 గ్రాములు. రెండు చెంచాలను అర చెంచా చేస్తే 30 గ్రాములు మిగులుతుంది. ఆదా 120 కిలోకేలరీలు.

రెండు: రెండు పూటలా కలిపి అన్నంలో 50 గ్రాముల బియ్యం తగ్గించాలి. అంటే పూటకి ఒక చిన్న గరిటెడు. ఆదా 175. ఆ ఖాళీలో ఆకుకూరో, ఆనపకాయో, బీరకాయో ఇంకాస్త వేసుకోవాలి. చేప మానక్కర లేదు. వేపుడుకి బదులు పులుసు పెడితే నూనె కలిసొస్తుంది.

మూడు: రోజూ అరగంట చురుగ్గా నడవాలి. కూర్చున్నా ఎలాగూ అయ్యే ఖర్చును తీసేస్తే, నడకవల్ల అదనంగా అయ్యేది 2.5 × 75 × ½. అంటే సుమారు 90 కిలోకేలరీలు.

మొత్తం 120 + 175 + 90 = 385.

శరీరంలోని ఒక కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కిలోకేలరీలు దాగి ఉంటాయి. 7,700ని 385తో భాగించండి. 20 వచ్చింది. ఇరవై రోజులకి ఒక కిలో! అయిదు కిలోలకి వంద రోజులు. అయితే ఒక మెలిక ఉంది. ఒళ్ళు తేలికయ్యే కొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది. తేలిక పడవకి డీజిలు తక్కువ పట్టినట్టే. అందువల్ల చివరి కిలోలు నెమ్మదిగా దిగుతాయి. వంద రోజులు నూట యాభై కావచ్చు. లెక్క తప్పిందని మావయ్య నీరసపడితే ఈ సంగతి మీరే చెప్పాలి.

ఇంకో మాట. చిట్టాలో తిండి వంతు 295, నడక వంతు 90. నడిచాను కదా అని దారిలో నాలుగు బజ్జీలు తింటే నడక సంపాదించినదంతా అక్కడే పోతుంది. అరగంట నడక ఖర్చుకి పది గ్రాముల నూనె చాలు!

తీరిక లేదంటే?

అరగంట ఒక్కసారిగా దొరకకపోతే ముక్కలు చెయ్యవచ్చు. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మాదిరి శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ శ్రమ ఏకబిగిన సాగాలన్న నియమం లేదు. బస్సు ఒక స్టాపు ముందే దిగి నడిస్తే పది నిమిషాలు. మధ్యాహ్నం భోజనం అయ్యాక బజారులో ఒక చుట్టు తిరిగితే పది. రాత్రి ఇంటికి వచ్చాక మీతో కలిసి ఒడ్డు దాకా వెళ్ళి వస్తే పది. మీరు తోడు వెళితే మావయ్య మానరు. ఇసుకలో నడక గట్టి నేల మీద నడక కంటే ఎక్కువ శ్రమ కూడా.

దీనితో పాటు వారానికి రెండుసార్లయినా కండలకి పని చెప్పాలి. గుంజీలు, దండీలు, నీళ్ళ బిందెలు మొయ్యడం ఏదైనా సరే. తిండి ఒక్కటే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పనిచేసే కండను శరీరం అంత తేలిగ్గా వదులుకోదు.

ఉప్పు మడి చెప్పే పాఠం

"వారంలో అయిదు కిలోలు తగ్గండి" అని ఎవరైనా ప్రకటిస్తే నౌపడ ఉప్పు మడిని తలచుకోండి. ఎండకి మడిలో నీరు ఇంకిపోతుంది. మడి బరువు తగ్గుతుంది. ఉప్పు తగ్గిందా? లేదు, అక్కడే ఉంది. ఒళ్ళంతా చెమట పట్టేలా ఎండలో పరిగెత్తి తూకం చూసుకుంటే ఒక కిలో తగ్గి ఉండవచ్చు. పోయింది నీరు. కొవ్వు ఉన్నచోటే ఉంది. రెండు చెంబుల నీళ్ళు తాగితే తూకం మళ్ళీ మామూలే.

అన్నం పూర్తిగా మానేసినప్పుడు మొదటి వారం బరువు గబగబా దిగడానికి కారణం కూడా చాలావరకు నీరే. కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిలవ ఉంటుంది. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. గ్లైకోజెన్ ఖర్చయితే ఆ నీరూ పోతుంది. మళ్ళీ అన్నం తిన్న నాడు రెండూ తిరిగి వస్తాయి. ఆ రోజు "అయ్యో, అంతా పోయింది" అని పథకం వదిలేసేవారు ఎందరో!

కరిగిన కొవ్వు ఎటు పోతుంది?

ఈ ప్రశ్న మీ ఇంట్లో అందరినీ అడగండి. వేడిగా మారిందని కొందరు, చెమటగా పోయిందని కొందరు అంటారు. మీ రసాయన శాస్త్రం పుస్తకం ఏమంటుందో చూద్దాం. మన ఒంటి కొవ్వును సగటున C₅₅H₁₀₄O₆ అని రాయవచ్చు.

C₅₅H₁₀₄O₆ + 78 O₂ → 55 CO₂ + 52 H₂O

అణుభారాలు వేసి చూడండి. 10 కిలోల కొవ్వు మండడానికి మనం 29 కిలోల ఆక్సిజన్ పీలుస్తాం. 28 కిలోల కార్బన్ డయాక్సైడు, 11 కిలోల నీరు తయారవుతాయి. కొవ్వులోని ఏ పరమాణువు ఎటు పోయిందో లెక్క కట్టి, 10 కిలోలలో 8.4 కిలోలు ఊపిరి గుండా, 1.6 కిలోలు నీటిగా పోతాయని 2014లో ఆస్ట్రేలియాకు చెందిన మీర్మన్, బ్రౌన్ చూపించారు. అంటే మావయ్య కొవ్వులో ఎక్కువ భాగం ఆయన ముక్కులోంచే బయటికి పోతుంది! అలాగని ఊరికే గబగబా ఊపిరి తీస్తే లాభం లేదు, కళ్ళు తిరుగుతాయి. కండ పనిచేస్తే కొవ్వు ఎక్కువగా మండుతుంది. మండితేనే ఆ ఊపిరి బయటికి వస్తుంది.

తూకం ఒక్కటే చాలదు

మద్రాసులో (ఇప్పటి చెన్నై) డాక్టర్ రామచంద్రన్ బృందం చక్కెర జబ్బు గుమ్మంలో ఉన్న 531 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. వారిలో నడక, మితమైన తిండి అలవాటు చేసుకున్న వర్గంలో జబ్బు వచ్చే అవకాశం, మామూలు సలహాలు మాత్రమే విన్నవారి కంటే సుమారు 28 శాతం తగ్గింది. విచిత్రం ఏమిటంటే వారి బరువు పెద్దగా తగ్గలేదు! కండలు పనిచేస్తుంటే రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఆ మేలు తూకంలో కనిపించదు. కాబట్టి నెల తరవాత ముల్లు కదలకపోయినా మావయ్య నడక మానకూడదు. టేపుతో నడుం కూడా కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకుండా ఉండడం మంచిది.

బరువు ఎక్కువ ఉండడం ఎప్పుడూ తప్పే అనుకోకండి. మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతానికి చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల తరగతిలో ప్రపంచ ఛాంపియన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ నాటికి ఆమె 69 కిలోల తరగతిలో పోటీ చేసి, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. అది కండబలం ఉన్న బరువు.

మందులు వాడుతున్న పెద్దవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా తిండి తగ్గించకూడదు. చక్కెర జబ్బు మాత్ర వేసుకుని భోజనం మానితే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలోవారు బరువు తగ్గించే పొడులు, మాంసకృత్తుల డబ్బాలు సొంతంగా కొని వాడకపోవడం మేలు.

మరి మీ సంగతి?

పైన రాసిన చిట్టా నలభై ఏళ్ళ మావయ్యది. దాన్ని మీకు అన్వయించుకోవద్దు. మీరు ఎదిగే వయసులో ఉన్నారు. ఎముక పొడుగవ్వాలి, కండ పట్టాలి, రక్తం పెరగాలి. ఆ పనులన్నిటికీ సామాను మీ కంచంలోంచే రావాలి. 23, 25 అనే అంకెలు కూడా మీవి కావు. పిల్లలకి వయసును బట్టి వేరే పట్టికలున్నాయి, వాటిని డాక్టరు చూస్తారు. ఒళ్ళు వస్తోందని పొద్దుటి పూట తినకుండా బడికి వెళ్ళకండి. గంటె అంబలో, చోడి అంబలో, ఇడ్లీయో తిని వెళ్ళండి. పొట్లాలలో అమ్మే నూనె సరుకు, తియ్యటి సీసా పానీయాలు తగ్గించండి. రోజుకి ఒక గంట ఆడండి. కబాడీ, ఈత, పరుగు ఏదైనా సరే.

లావుగా ఉన్న తోటి పిల్లల్ని పేర్లు పెట్టి ఏడిపించడం కొందరికి సరదా. ఆ మాటలకి కుంగి ఆటల్లోకి రావడమే మానేసేవాళ్ళున్నారు. ఆట మానితే బరువు ఇంకా పెరుగుతుంది. మీ జట్టులోకి వాళ్ళని పిలవండి. ఈ పాఠంలో ఉన్న లెక్కలన్నిటికంటే ఆ పిలుపు ఎక్కువ పనిచెయ్యవచ్చు.

మీరే చేసి చూడండి

మీ సైన్సు మేష్టారు దగ్గర ఉండగానే ఈ ప్రయోగం చెయ్యండి. పరీక్షనాళికలో 20 మిల్లీలీటర్ల నీరు పోసి ఉష్ణోగ్రత రాసుకోండి. ఒక వేరుశనగ గింజను తూచి, గుండుసూదికి గుచ్చి, అంటించి నాళిక కింద పట్టండి. గింజ ఆరిపోయాక నీటి ఉష్ణోగ్రత మళ్ళీ చూడండి. ఎన్ని కిలోకేలరీలు నీటికి చేరాయో లెక్కకట్టండి. గ్రాము వేరుశనగలో ఉండవలసినది సుమారు 5.5. మీకు వచ్చిన జవాబు అంతకంటే చాలా తక్కువ ఉంటుంది. మిగతా వేడి ఎటు పోయింది? లెవోజియే తన గినీపంది చుట్టూ మంచు ఎందుకు పేర్చాడో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఇక రెండు లెక్కలు:

1. ఒక లీటరు డీజిలులో సుమారు 8,500 కిలోకేలరీలు ఉంటాయి. ఇది ఎన్ని కిలోల బియ్యానికి సమానం?

2. మీ ఇంట్లో నెలకి ఎన్ని లీటర్ల నూనె ఖర్చవుతోంది? మనిషికి రోజుకి ఎన్ని గ్రాములు పడుతోంది? (లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు.)

రెండో లెక్క జవాబు అమ్మకీ నాన్నకీ చూపించండి. ఆ సాయంత్రం అందరూ కలిసి కాసేపు నడిచి రండి.